ఏకాంతం పక్కన కూర్చుని రాసినవాళ్ళు

లోకాన్ని విడిచి వెళ్ళిన మనిషి గురించి లోకానికి తెలిసిందంటే, ఎవరో ఆయన వెనకే వెళ్ళారన్నమాట. గుహ దాకా నడిచి, వాకిట్లో కూర్చుని, కన్నదీ విన్నదీ పట్టుకొచ్చి రాశారన్నమాట. విరాగుల చరిత్రలు చదువుతూ మనం ఆ విరాగినే చూస్తున్నామనుకుంటాం. కానీ రాసినవాళ్ళ అవసరాన్నీ, రాసేనాటికి వాళ్ళను పీడిస్తున్న భయాన్నీ, వాళ్ళ ప్రేమనూ దాటుకుని వెళితే గాని ఆ మనిషి కనపడడు. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చదివితే ఈ సంగతి బాగా బోధపడుతుంది. ఒకటి, నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియుస్ గ్రీకులో రాసిన అంతోని జీవితం. రెండోది, 1945 నుంచి 1950 దాకా తిరువణ్ణామలై నుంచి సూరి నాగమ్మగారు తెలుగులో రాసిన శ్రీ రమణాశ్రమ లేఖలు.

రెండూ ఉత్తరాలే. సముద్రం అవతలి సన్యాసులు అంతోని గురించి అడిగారనీ, ఓడలు తిరిగే కాలం అయిపోవస్తోందనీ, ఉత్తరం తీసుకెళ్ళేవాడు తొందరపెడుతున్నాడనీ, అందుకే ఇంకా నలుగురిని విచారించకుండా తెలిసినంత రాసి పంపుతున్నాననీ అతనాసియుస్ మొదట్లోనే చెబుతారు. నాగమ్మగారిని రాయమని అడిగింది ఆమె అన్నగారు డి.ఎస్. శాస్త్రి, బ్యాంకు ఉద్యోగి. భగవాన్ రమణుల సన్నిధిలో జరిగే విశేషాలు అప్పుడప్పుడూ తెలియజేయమని ఆయన కోరితే, 1945 నవంబరు 21న ఆమె మొదటి లేఖ రాశారు. అతనాసియుస్‌ది ఒకే ఉత్తరం, తొంభై నాలుగు అధ్యాయాలు, పుట్టుక నుంచి ఖననం దాకా. నాగమ్మగారివి రెండు వందలకు పైబడిన లేఖలు. ఇవాళ్టిది రాసేటప్పుడు రేపేం జరగబోతుందో ఆమెకు తెలియదు. బిషప్పుకు మాత్రం కథ ఎలా ముగిసిందో తెలిసిన తర్వాతే కలం కదిలింది. ముగింపు తెలిసినవాడు ప్రతి సంఘటననూ దానివైపే నడిపిస్తాడు. తెలియని మనిషి ఆవు ఈనిన కబురు కూడా రాస్తుంది.

అంతోని ఈజిప్టులో కలిగిన రైతు కుటుంబంలో 251 ప్రాంతంలో పుట్టారు. పద్దెనిమిది ఇరవై ఏళ్ళ వయసులో తల్లిదండ్రులు పోయి, మూడు వందల అరూరాల సారవంతమైన భూమీ, ఒక చిన్న చెల్లెలూ మిగిలారు. మన లెక్కలో ఆ భూమి రెండు వందల ఎకరాల పైమాటే. ఒకరోజు చర్చిలో, ఉన్నదంతా అమ్మి పేదలకివ్వమని ధనవంతుడైన యువకుడికి యేసు చెప్పిన సువార్త భాగం చదువుతున్నారు. బయటికొస్తూనే అంతోని భూమి ఊరివాళ్ళకిచ్చేశారు. సామాను అమ్మగా వచ్చిన డబ్బు పేదలకు పంచి, చెల్లెలి కోసం కొంచెం అట్టిపెట్టారు. మళ్ళీ చర్చికి వెళితే, రేపటి గురించి చింత వద్దన్న భాగం చెవినబడింది. ఆ కొంచెమూ ఇచ్చేసి, చెల్లెల్ని నమ్మకస్తులైన కన్యల దగ్గర చేర్చి ఇల్లు వదిలారు. మొదట ఊరి అంచున, తరువాత ఊరికి దూరంగా ఒక సమాధిలో, ముప్పై అయిదో ఏట నైలు నది దాటి పాడుబడిన ఒక కోటలో. అక్కడ దాదాపు ఇరవై ఏళ్ళు. చివరికి ఎర్రసముద్రం వైపు ఎడారి కొండ పాదం దగ్గర స్థిరపడి, 356లో నూట అయిదో ఏట కన్నుమూశారు.

రమణుల కథ తెలుగు పాఠకులకు విడమరిచి చెప్పనక్కరలేదు. 1896 జులైలో మదురై ఇంటి మేడగదిలో పదహారేళ్ళ వెంకటరామన్‌కు మరణానుభవం కలిగింది. ఆగస్టు 29న ఇల్లు వదిలి, సెప్టెంబరు 1న అరుణాచలం చేరాడు. అన్న కాలేజీ ఫీజు కట్టమని ఇచ్చిన అయిదు రూపాయల్లో మూడు దారి ఖర్చుకు తీసుకుని, మిగతా రెండూ చీటీతో పాటు ఇంట్లోనే ఉంచాడు.

ఈ డబ్బు లెక్కలు రెండు కథల్లోనూ నన్ను కదిలిస్తాయి. సర్వం వదిలిపోయేవాడు సైతం చెల్లెలి వాటా ఎంత, అన్నకు మిగలవలసింది ఎంత అని ఒక్క క్షణం ఆగి లెక్క చూసుకున్నాడు. కానీ ఆ పిలుపు ఎక్కడ నుంచి వచ్చిందో గమనించాలి. అంతోనికి అది చర్చిలో, అందరూ వినేలా చదివిన గ్రంథంలోంచి వచ్చింది, అదీ రెండుసార్లు. వెంకటరామన్‌కు శాస్త్రం తెలియదు, గురువు లేడు, గుడిలో ఎవరూ ఏదీ చదవలేదు. చర్చి గుమ్మంలోంచి బయలుదేరిన ఏకాంతవాసి చర్చికి ఎన్నటికీ పరాయివాడు కాలేడు. అతనాసియుస్‌కు కావలసింది అదే.

ఎందుకు కావలసి వచ్చిందో చెప్పుకోవాలి. క్రీస్తు తండ్రితో సమానుడు కాడు, ఆయన సృష్టించినవాడే అనే ఏరియుస్ అనుచరులతో అతనాసియుస్ జీవితమంతా పోరాడారు. అయిదుసార్లు పీఠం నుంచి వెళ్ళగొట్టబడ్డారు. 356 ఫిబ్రవరిలో సైనికులు చర్చిని చుట్టుముడితే తప్పించుకుని ఎడారిలోకి పారిపోయి, ఆరేళ్ళపాటు ఈజిప్టు సన్యాసుల మధ్య దాక్కుని బతికారు. అంతోని పోయిందీ ఆ ఏడే. ఆ అజ్ఞాతవాసంలోనే ఈ పుస్తకం పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం. పుస్తకంలో అంతోని ఏరియన్ల నీడ కూడా సహించరు. 338 ప్రాంతంలో కొండ దిగి అలెగ్జాండ్రియాకు వచ్చి వాళ్ళను నలుగురిలో ఖండిస్తారు. బిషప్పుల ముందూ గురువుల ముందూ తల వంచుతారు. ఎడారిలో తనంత తానుగా పవిత్రుడైన మనిషి చర్చికి పోటీ అధికారంగా నిలబడగలడు. ఆ ప్రమాదం అతనాసియుస్‌కు తెలుసు. అందుకే తన అంతోనిని చర్చి గోడకు ఆనించి నిలబెట్టారు. దీన్ని నేను మోసం అనను. తన తల మీదికి సైన్యం వచ్చిన మనిషి, దేనికీ భయపడని మనిషి గురించి రాస్తున్నాడు. ఆ ఆర్తి నిజమైనది.

అరుణాచలం మీద కూడా ఒక సాక్షి అవసరమే ఒక పేరు పెట్టింది. అంతకుముందు బ్రాహ్మణస్వామి అని పిలిచే ఆ మౌనిని 1907 నవంబరు 18న విరూపాక్ష గుహలో కలిసి, ఆయనే భగవాన్ శ్రీ రమణ మహర్షి అని చాటింది బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతిశాస్త్రి. ఎంత జపం చేసినా, ఎంత శాస్త్రం చదివినా తపస్సంటే ఏమిటో తెలియక కొండెక్కిన పండితుడాయన. ఆశ్రమంలో అందరూ ఆయన్ని నాయన అనేవారు. ఏకాంతవాసి తనకు తాను పేరు పెట్టుకోడు. వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు పెడతారు.

ఇక ఈ రెండు పుస్తకాలకూ అసలు పరీక్ష, ఎవరూ చూడని కాలాన్ని అవి ఎలా రాశాయన్నది. కోటలో అంతోని ఉన్న ఇరవై ఏళ్ళు అతనాసియుస్ చూడలేదు. గుడిలోని పాతాళలింగం చీకట్లో రమణులు కూర్చున్న రోజులకు నాగమ్మగారు పుట్టనే లేదు. ఆమె పుట్టింది 1902లో, గుంటూరు జిల్లా కొలనుకొండలో. ఇద్దరికీ ఆధారం విన్నమాటే.

అతనాసియుస్ ఇక్కడ గొప్ప కథకుడు. కెమెరాను కోట లోపలికి తీసుకెళ్ళరు. రొట్టెలు ఏడాదికి రెండుసార్లు పైకప్పు మీంచి దించుతారు. చూడవచ్చిన మిత్రులకు తలుపు తెరుచుకోదు. వాళ్ళు రాత్రుళ్ళు బయటే పడుకుంటే లోపల గుంపు గోల చేస్తున్న చప్పుడు వినపడుతుంది. ఎవరో నిచ్చెనలు వేసుకుని దిగారేమోనని సందులోంచి తొంగి చూస్తే లోపల మరెవరూ లేరు. అప్పుడు వాళ్ళు భయపడి అంతోనినే పిలుస్తారు. ఆయన తలుపు దగ్గరికి వచ్చి ధైర్యం చెబుతారు. మనం ఆ తలుపు బయటే ఉంటాం. చివరికి స్నేహితులు ఆ తలుపు పగలగొడతారు. ఇరవై ఏళ్ళ తర్వాత అంతోని బయటికి వస్తే, వ్యాయామం లేక లావెక్కలేదు, ఉపవాసాలతో చిక్కిపోలేదు, మనుషుల్ని చూసి కంగారుపడలేదు, పొంగిపోలేదు. నాలుగు కాదులతో ఒక మనిషిని నిలబెట్టిన ఆ పేరా సన్యాసుల చరిత్ర రచన మొత్తానికీ తలమానికం.

నాగమ్మగారి లేఖల్లో తొలినాళ్ళ ముచ్చట్లు ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక ప్రశ్న మీదుగా, భగవాన్ నోటి వెంటే వస్తాయి. మొదటి లేఖే చూడండి. హృషీకేశానంద అనే బెంగాలీ సాధువు వస్తే, మదురైలో జరిగిన ఆ అనుభవాన్ని భగవాన్ చెప్పుకొచ్చారు. దాదాపు యాభై ఏళ్ళ నాటి సంగతి. అంత కాలపు దూరం నుంచి చెప్పుకునే మాటల్లో గాయాల నొప్పి ఉండదు. పాతాళలింగంలో పురుగులు తొడలు తొలిచేసిన సంగతీ, పిల్లలు రాళ్ళు విసిరిన సంగతీ అందరికీ తెలిసినవే. కానీ భగవాన్ తన పాత రోజుల గురించి చెప్పినప్పుడల్లా అందులో సాహసం ఉండదు. ఎవరో పిల్లవాడి గురించి చెబుతున్నట్టుంటుంది. ఆ గొంతును నాగమ్మగారు చెడగొట్టకుండా పట్టుకున్నారు. కథను నాటకం చేసే అవకాశాలు వందసార్లు వచ్చినా వదులుకున్నారు. ఇది సామాన్యమైన నిగ్రహం కాదు.

అయితే ఇదే ఆమె పుస్తకానికి లోటు కూడా. కష్టం తెలియదు. అతనాసియుస్ పుస్తకంలో అంతోనికి దెబ్బలు తగులుతాయి. సమాధిలో దయ్యాలు చావగొట్టి పడేస్తే, ఒక మిత్రుడు శవమనుకుని ఊరి చర్చికి మోసుకొస్తాడు. అర్ధరాత్రి తెలివొచ్చిన అంతోని, అందరూ నిద్రపోతుంటే, ఆ మిత్రుణ్ణి పిలిచి తనను మళ్ళీ ఆ సమాధికే తీసుకెళ్ళమంటారు. నిలబడే శక్తి లేక పడుకునే ప్రార్థిస్తారు. మృగాల రూపంలో అవి మళ్ళీ వస్తాయి. ఆ పోరు చివర కప్పు తెరుచుకుని వెలుగు దిగుతుంది. అప్పుడు అంతోని అడిగేది కృతజ్ఞత కాదు, నిలదీత: ఇంతసేపూ ఎక్కడున్నావు, మొదట్లోనే ఎందుకు రాలేదు? ఇక్కడే ఉన్నాను, నీ పోరాటం చూడాలని ఆగానని జవాబు. ఒంటరిగా కష్టపడ్డవాళ్ళెవరైనా ఈ ప్రశ్న అడిగే ఉంటారు. దయ్యాలను నమ్మనివాడికి సైతం ఈ ఘట్టంలో ఏకాంతపు చీకటి ముట్టుకున్నంత దగ్గరగా తెలుస్తుంది. నాగమ్మగారి లేఖలు మాత్రమే చదివినవాళ్ళకు ఏకాంతం సుఖంగా, తేలిగ్గా ఉంటుందన్న భ్రమ కలగవచ్చు. రమణులకు అది తేలికే కావచ్చు. ఆయన వెనక నడవబోయేవాళ్ళకు కాదు.

అంతోని సమాధి నుంచి వచ్చిన చీకటే తరువాత పాశ్చాత్య చిత్రకారులను పట్టుకుంది. గ్రూన్‌వాల్డ్, బాష్ ఆ దయ్యాలను గీశారు. ఫ్లోబేర్ ఆ ప్రలోభాల మీద ఒక పుస్తకమే రాశాడు. అసలు పుస్తకం ఎంత వేగంగా పనిచేసిందో అగస్టీన్ తన ఆత్మకథలో రాశారు. ట్రియర్ నగరంలో ఇద్దరు ప్రభుత్వోద్యోగులు ఒక కుటీరంలో ఈ పుస్తకం చూసి, చదువుతూ చదువుతూ అక్కడికక్కడే ఉద్యోగం వదిలేశారట. ఆ కథ విన్న కలవరంలోనే 386లో మిలాన్‌లో అగస్టీన్ కూడా మారిపోయారు. నాగమ్మగారి పుస్తకం చదివితే నాకు ఉద్యోగం వదిలేయాలనిపించదు. చేస్తున్న పని మరికాస్త నిదానంగా చేయాలనిపిస్తుంది. అందులో కనపడే మనిషి కూడా అలాంటివారే. ఇల్లు వదిలేయమంటారా అని వచ్చినవాళ్ళను భగవాన్ సాధారణంగా ప్రోత్సహించలేదు. అడవికి పోయినా మనసు వెంటే వస్తుందనీ, ఏకాంతం చోటులో లేదనీ చెప్పేవారు.

మాటల విషయంలో కూడా చూడండి. ఈజిప్టు భాష తప్ప గ్రీకు రాని అంతోని నోట అతనాసియుస్ పెట్టిన ఉపన్యాసం పదహారో అధ్యాయంలో మొదలై నలభై మూడోదాకా సాగుతుంది. అంటే పుస్తకంలో పావు వంతుకు పైగా. దయ్యాల తంత్రాలు, వాటిని గుర్తుపట్టే పద్ధతులు ఒక్కొక్కటీ వివరంగా. చదువుతుంటే పాఠశాలలో కూర్చున్నట్టుంటుంది. నజియాంజుస్ గ్రెగరీ ఈ పుస్తకాన్ని కథ రూపంలో ఉన్న నియమావళి అన్నది అందుకే. భగవాన్ మాత్రం అడిగితేనే మాట్లాడతారు, చాలాసార్లు మాట్లాడరు. ఆ మౌనాన్ని నాగమ్మగారు కాగితం మీద ఎలా పెట్టారంటే, చుట్టూ ఉన్నవాళ్ళ అలజడి రాసి. ఎవరు వచ్చారు, ఏమడిగారు, ఎవరు నొచ్చుకున్నారు, కోతులు ఏం చేశాయి, విసనకర్ర ఎవరు పట్టుకోబోతే వద్దన్నారు. బరోడా నుంచి తెల్ల నెమలి వచ్చిన సంగతి, గాంధీ హత్య వార్త చేరిన నాడు హాలు ఎలా ఉందో ఆ సంగతి. ఆ సందడి మధ్య ఒక్కచోటే కదలిక ఉండదు. అది మనకు కనిపిస్తుంది.

స్త్రీల దగ్గరికొస్తే ఈ రెండు పుస్తకాల మధ్య దూరం బాగా ఎక్కువ. అతనాసియుస్ పుస్తకంలో స్త్రీ మొదట రాత్రివేళ దయ్యం వేసుకొచ్చిన వేషం. చెల్లెలికి ఇంటి నుంచి పంపేసిన ఘట్టంలో ఒకటి రెండు వాక్యాలు, యాభై అధ్యాయాల తర్వాత ఇంకొక వాక్యం: ఆమె కన్యగానే వృద్ధురాలై, ఇతర కన్యలకు పెద్దదిక్కు అయిందని చూసి అంతోని సంతోషించారు. అంతే. ఆ అమ్మాయికి అన్న తప్ప ఎవరూ లేరు. ఆమె అభిప్రాయం అడిగినట్టు ఎక్కడా లేదు. అయినా తనకు దక్కిన జీవితాన్ని ఆమె అన్నగారంత గట్టిగానే నిలబెట్టుకుంది. ఆమెకూ ఒక అతనాసియుస్ ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది నాకు.

నాగమ్మగారి పరిస్థితి ఇంకోలా ఉంది. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయారు. పదకొండు పన్నెండేళ్ళకే పెళ్ళి జరిగి, ఏడాది తిరక్కుండా భర్త పోయాడు. తెలుగు ఇళ్ళల్లో బాలవితంతువు ఏకాంతం ఎలాంటిదో ఆ తరం ఆడవాళ్ళకు తెలుసు. అది ఎవరూ ఎంచుకోని సన్యాసం. అలాంటి మనిషి 1941లో అరుణాచలం చేరి, తాను ఎంచుకున్న ఏకాంతవాసి ముందు కూర్చుని అన్నకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. మరొక సంగతి మరువకూడదు. పొద్దుగూకితే స్త్రీలు ఆశ్రమంలో ఉండకూడదన్నది అక్కడి నియమం. ఆమె బయట బస ఏర్పరచుకుని పగలంతా హాల్లో గడిపేవారు. కాబట్టి ఆమె రాసిన రమణులు పగటి రమణులు. కోట బయట పడుకున్న అంతోని మిత్రుల్లాగే ఆమెకూ ఒక తలుపు మూసి ఉంది. ఆమె ఆ తలుపు గురించి ఫిర్యాదు చేయలేదు, దాన్ని దాటినట్టు నటించనూ లేదు. సాక్షిగా ఆమె మీద నాకున్న నమ్మకానికి ఇది పెద్ద కారణం.

ఇక్కడిదాకా వచ్చాక ఒక సులభమైన నిర్ణయం నోటి దాకా వస్తుంది. అంతోనిది యుద్ధం, రమణులది శాంతి. ఒకటి క్రైస్తవం, రెండోది అద్వైతం. పడమటి విరాగి గెలుస్తాడు, తూర్పు విరాగి కరిగిపోతాడు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే ఈ లెక్కను తారుమారు చేసే పుస్తకాలు రెండు వైపులా ఉన్నాయి.

ఈజిప్టు ఎడారి సన్యాసుల మాటలను శిష్యులు నోటి నుంచి నోటికి చెప్పుకుంటూ చివరికి గ్రీకులో సంకలనం చేశారు. అందులో అంతోని చిన్న చిన్న మాటల్లో, ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబుగా కనిపిస్తారు. ఉపన్యాసాలు లేవు, ఏరియన్లు లేరు. అందులో ఒక ఉదంతం నాకు చాలా ఇష్టం. నీతో సమానుడొకడు పట్టణంలో ఉన్నాడని ఎడారిలో అంతోనికి తెలియవస్తుంది. ఎవరా అంటే, తనకు అవసరమైనంత ఉంచుకుని మిగిలినదంతా లేనివాళ్ళకిచ్చే ఒక వైద్యుడు. దశాబ్దాల ఎడారి వాసాన్ని ఒక పట్టణపు వైద్యుడి పక్కన తూచిన ఈ కథను నాగమ్మగారి లేఖల్లో పెడితే ఎవరూ అనుమానించరు. అతనాసియుస్ పుస్తకంలో మాత్రం దీనికి చోటు లేదు. సన్యాసం పట్టణం కన్నా ఎత్తయినదని నిరూపించడానికి రాసిన పుస్తకమది.

ఇటువైపు, సేలంలో న్యాయవాదిగా పనిచేసిన బి.వి. నరసింహస్వామి 1931లో ఇంగ్లీషులో భగవాన్ జీవితచరిత్ర రాశారు. అందులో దాడులున్నాయి, పరీక్షలున్నాయి. కొండ మీద అసూయపడ్డ ఒక సాధువు పైనుంచి బండలు దొర్లించిన కథ, తల్లి వచ్చి ఏడిస్తే కాగితం మీద రాసిచ్చిన కఠినమైన జవాబు, 1924లో దొంగలు కొట్టిన దెబ్బ, అన్నీ మెట్లు మెట్లుగా పేర్చి ఉంటాయి. అతనాసియుస్ పక్కన పెడితే కవలల్లా ఉంటాయి ఆ రెండు పుస్తకాలూ. అంటే తేడా నైలు నదికీ అరుణగిరికీ మధ్య ఉన్నది కాదు. జీవితచరిత్ర రాసినవారికి గెలిచిన వీరుడు దొరికాడు. పక్కన కూర్చుని రోజువారీ మాటలు రాసుకున్నవారికి మనిషి దొరికాడు. ఏకాంతం గురించి తెలుసుకోవాలంటే నేను రెండోవాళ్ళనే నమ్ముతాను. దాని భయం తెలుసుకోవడానికి మాత్రం మొదటివాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

చదువు విషయంలో అతనాసియుస్ మీద నాకొక ఆక్షేపణ ఉంది. అంతోని అక్షరాలు నేర్చుకోలేదని ఆయన గట్టిగా చెబుతారు. కానీ అంతోని పేర ఏడు ఉత్తరాలున్నాయి. అవి ఆయనవేననీ, అలెగ్జాండ్రియా తత్త్వచింతన తెలిసిన మనిషి రాతలవనీ స్వీడన్ పండితుడు శామ్యూల్ రూబెన్‌సన్ 1990లో విస్తారంగా వాదించారు. పండితులందరూ ఒప్పుకోలేదు గాని, ఆ వాదం తరువాత అక్షరం రాని అంతోనిని మునుపటిలా నమ్మడం కష్టమైంది. పుస్తకం లేకుండానే దేవుడు నేర్పాడంటే తత్త్వవేత్తల నోళ్ళు మూయించవచ్చు. ఆ లాభం కోసం ఒక ఆలోచనాపరుడి ఆలోచన చెరిగిపోయి ఉంటే అది చిన్న నష్టం కాదు. నాగమ్మగారి వైపు ఇందుకు పూర్తిగా ఎదురు. భగవాన్‌కు తెలుగు వచ్చు. ఆమె కోరితే 1947లో ఏకాత్మ పంచకాన్ని ముందు తెలుగులో రాసి, తరువాత తమిళంలోకి తెచ్చారు. సాక్షి తన విరాగి చేత కలం పట్టించింది.

మరణం దగ్గర రెండు పుస్తకాలూ మళ్ళీ ఎదురెదురుగా నిలబడతాయి. నూట అయిదేళ్ళ అంతోనికి చూపు మందగించలేదు, ఒక్క పన్ను ఊడలేదు, చిగుళ్ళ దాకా అరిగాయంతే. ఆయన దేహం ఆయన జీవితానికి ఋజువు. రమణుల ఎడమ చేతి మీద పుట్టిన కణితికి 1949లో నాలుగుసార్లు శస్త్రచికిత్స జరిగింది. మళ్ళీ మళ్ళీ పెరిగింది. ఏ డాక్టరు వచ్చారు, ఏ మందు మార్చారు, భక్తులు ఎలా ఏడ్చారు అన్నీ లేఖల్లో ఉన్నాయి. దేహం ఇక్కడ దేనికీ ఋజువు కాదు. అంతకు ముందు 1948 జూన్ 18న ఆవు లక్ష్మి చనిపోతే, భగవాన్ దాని పక్కనే కూర్చుని తల మీదా గుండె మీదా చేతులుంచారు. 1922లో తల్లి చివరి ఘడియల్లో చేసిందీ అదే. అమ్మకూ ఆవుకూ ఒకే స్పర్శ. లక్ష్మికి సమాధి కట్టించి తమిళంలో పద్యం రాసిచ్చారు. అంతోని తోటను పాడుచేసిన అడవి మృగాలతో మృదువుగా మాట్లాడి, ఇక రావద్దని పంపేస్తారు. అవి మళ్ళీ రావు. అక్కడ మృగం మాట వింటుంది. ఇక్కడ పశువు ఇంట్లో మనిషవుతుంది. లక్ష్మి గురించిన లేఖలు తెలుగు వచనంలో మంచి పేజీలు. మన సాహిత్య చరిత్రలు వాటిని భక్తి సాహిత్యమని పక్కన పెట్టడం అన్యాయం.

చివరగా, ఇద్దరు విరాగులకూ సేవ చేసినవాళ్ళ సంగతి. పళనిస్వామి రమణులను దాదాపు రెండు దశాబ్దాలు కనిపెట్టుకుని ఉన్నాడు. మలయాళీ. వేదాంత గ్రంథాలు తమిళంలో తెచ్చుకుని చదవలేక అవస్థ పడుతుంటే, భగవాన్ వాటిని తీసుకుని చదివి ఆయనకు చెప్పేవారు. తాను అనుభవించినదానికి శాస్త్రంలో ఏ పేర్లున్నాయో రమణులకు అలా తెలిసింది. ఈ సంగతి భగవానే చెప్పుకున్నారు కాబట్టి సేవకుడి పేరు గురువు పేరుతో పాటు నిలిచింది. అంతోనిని చివరి పదిహేనేళ్ళూ ఇద్దరు కనిపెట్టుకున్నారు. ఈజిప్టువాళ్ళు పుణ్యాత్ముల దేహాలను ఇళ్ళల్లో ఉంచుకునే ఆచారం ఆయనకు గిట్టదు. అందుకే తనను ఎవరికీ తెలియని చోట పూడ్చమని ఆ ఇద్దరికే చెప్పారు. ఒక గొర్రెతోలూ, పాత పైవస్త్రమూ అతనాసియుస్‌కు, ఇంకో గొర్రెతోలు బిషప్పు సెరాపియోన్‌కు, వెంట్రుకల అంగీ ఆ ఇద్దరికి. అతనాసియుస్ తనకు వచ్చిన తోలు సంగతి గర్వంగా రాశారు గాని, పూడ్చినవాళ్ళ పేర్లు రాయలేదు. ఆ పేర్లు మనకు జెరోమ్ వల్ల తెలుస్తున్నాయి. అదే శతాబ్దంలో కొన్నేళ్ళ తర్వాత ఆయన థీబ్స్ పౌలు అనే మరో ఏకాంతవాసి చరిత్ర రాస్తూ, అమాతాస్, మకారియుస్ అనే ఆ ఇద్దరు శిష్యులనూ సాక్షులుగా పిలిచారు. ఎడారికి మొదట వెళ్ళినవాడు మా గురువు కాదు, పౌలేనని వాళ్ళు చెబుతున్నారని రాశారు.